కొబ్బరి చిప్పల బొగ్గు: పరీక్ష నెగ్గినా ప్రమాదకర సరుకేనా?

కోనసీమ చిప్పబొగ్గు:
అందరికీ నమస్కారం. అంబాజీపేట చుట్టుపక్కల చిప్ప కొని, బొగ్గు చేయించి ఎగుమతి చేస్తుంటాను. ఇంతకుముందు ల్యాబ్‌లో ఎన్.4 అనే వేడి పరీక్ష చేయించి, సరుకు తనంతట తాను వేడెక్కదని కాగితం తెస్తే మామూలు సరుకుగానే ఓడ ఎక్కేది. ప్రమాదకర సరుకును ఓడల్లో పంపడానికి ఉన్న అంతర్జాతీయ నిబంధనలు, అదే ఐఎండీజీ కోడ్, దానికి వచ్చిన 42-24 సవరణ ఆ దారి మూసేసింది. 2026 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. పరీక్ష నెగ్గినా, నెగ్గకపోయినా బొగ్గు యూఎన్ 1361 నంబరు కిందే, క్లాస్ 4.2లోనే (తనంతట తాను అంటుకునే సరుకు). డీజీ (ప్రమాదకర సరుకు) అనగానే కొన్ని షిప్పింగ్ లైన్లు బుకింగే తీసుకోవు, తీసుకునేవి సర్‌ఛార్జి వేస్తాయి. మంచి సరుకుకీ చెడ్డ సరుకుకీ ఒకే ముద్ర వేయడం ఏం న్యాయం? మీరేమంటారు?

ల్యాబ్ బల్ల:
ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. 10 సెంటీమీటర్ల ఘనం, అంటే లీటరు పట్టే జాలీ డబ్బాలో బొగ్గు నింపి 140 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచుతాం. లోపలి వేడి 200 దాటితే ఫెయిల్. ఈ 140 అనే అంకె బొగ్గును చూసి పెట్టిందే. 27 ఘనమీటర్ల బొగ్గు కుప్ప 50 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. లీటరు డబ్బాలో అదే జరగాలంటే 140 కావాలి. 20 అడుగుల కంటైనర్‌లో చోటు సుమారు 33 ఘనమీటర్లు. డెక్ మీద ఎండకు మాడే పెట్టెలో 50 డిగ్రీలు వింతేమీ కాదు.

కొత్తగా కాల్చిన బొగ్గు ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ వేడెక్కుతుంది. చిన్న కుప్పైతే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది, పెద్ద కుప్పలో లోపలే పేరుకుంటుంది. ఇక శాంపిల్ సంగతి. ఒకరు గుంతలో కాలుస్తారు, ఇంకొకరు డ్రమ్ములో. అలాంటివి పది చోట్ల కొని ఒకే లోడు కడితే, నా బల్ల మీదికి వచ్చిన సంచి ఏ గుంతది? నేనిచ్చే సర్టిఫికెట్ ఆ సంచికే చెల్లుతుంది, కంటైనర్‌కు కాదు. మినహాయింపు తీసేయడం నా దృష్టిలో సరైన పనే.

విశాఖ సీహెచ్‌ఏ:
నేను ఎగుమతి కాగితాలు చూసే కస్టమ్స్ ఏజెంట్‌ని (సీహెచ్‌ఏ). ల్యాబ్ బల్ల గారూ, సైన్స్ సరే. కానీ ఓడలు తగలబడుతున్నది పరీక్ష వల్లేనా? 2019 జనవరిలో అట్లాంటిక్‌లో యాంటియాన్ ఎక్స్‌ప్రెస్ అనే కంటైనర్ ఓడ కాలింది. జర్మనీ దర్యాప్తు వేలు చూపించిన కంటైనర్‌లో ఉన్నది కొబ్బరి బొగ్గు, కాగితాల మీద మాత్రం కొబ్బరి పెల్లెట్స్. అది పరీక్ష లోపం కాదండీ, పచ్చి అబద్ధం. రూల్ బిగించేకొద్దీ నిజం రాసేవాడికి ఖర్చు, అబద్ధం రాసేవాడికి మిగులు. నా టేబుల్ మీదికి వచ్చే పార్టీల్లో 'పేరు కాస్త మార్చి రాయకూడదా' అని అడిగేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. అలాంటి ఫైలు నేను ముట్టుకోను, కానీ ముట్టుకునేవాళ్లు దొరక్కపోరు. కంటైనర్లు తెరిచి చూడటం పెంచాలి, జరిమానాలు పెంచాలి. కాగితంలో క్లాస్ మార్చి చేతులు దులుపుకుంటే సరిపోదు.

ఉద్దానం సెయిలర్:
మా ఉద్దానంలో కొబ్బరి తోటలూ ఉన్నాయి, ఓడల మీద పనిచేసే కుర్రాళ్లూ ఉన్నారు. కాబట్టి రెండు వైపులా మావాళ్లే. కంటైనర్ లైన్లు కలిసి నడుపుకునే, సరుకు ప్రమాదాల లెక్క రాసే సిన్స్ (CINS) సంస్థ ప్రకారం 2015 జనవరి నుంచి 2022 డిసెంబర్ దాకా ఓడల మీద బొగ్గు వల్ల కనీసం 68 అగ్ని ప్రమాదాలు జరిగాయి.

సీహెచ్‌ఏ అన్నా, దొంగను పట్టుకోవాలన్నది నిజమే. కానీ ఒప్పుకుని పంపిన సరుకు గురించి కూడా ఆలోచించు. డీజీ అని రాసి ఉంటే ఆ పెట్టె ఎక్కడుందో చీఫ్ మేట్ (కెప్టెన్ తర్వాతి అధికారి) దగ్గరున్న లిస్టులో ఉంటుంది. వేడి తగలని చోట పెడతారు. పొగ కనిపించగానే లోపల ఏముందో తెలుస్తుంది. మామూలు సరుకుగా ఎక్కితే? హోల్డ్‌లో (ఓడ లోపలి సరుకు అరలో) అడుగు వరసలో, చుట్టూ వేరే పెట్టెల మధ్య ఇరుక్కుంటుంది. మంట ఆర్పడానికి సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) వాయువు వదిలినా మూసిన పెట్టె లోపలికి సరిగా చేరదు. పైన కనిపించే మంట ఆరాక కూడా బొగ్గు లోలోపల రాజుకుంటూనే ఉంటుంది. పెట్టెకు కన్నం వేసి నీళ్లు కొట్టాల్సింది మేమే. నడిసముద్రంలో ఫైరింజన్ రాదు. మీ సరుకు మంచిదే కావచ్చు, కానీ మా కళ్లకు అన్ని పెట్టెలూ ఒకేలా కనబడతాయి.

కోనసీమ చిప్పబొగ్గు:
తమ్ముడూ, నీ మాటకు ఎదురు చెప్పలేను. మనుషుల ప్రాణం ముందు సర్‌ఛార్జి పెద్ద విషయం కాదు. నా అసలు బాధ ఆ వెంట వచ్చిన షరతుల దగ్గర ఉంది. ప్యాకింగ్‌కు ముందు కనీసం 14 రోజులు గాలి తగిలేలా కప్పు కింద ఆరబెట్టాలి, ప్యాక్ చేసే రోజు వేడి 40 డిగ్రీలు దాటకూడదు, కంటైనర్‌లో సరుకుకీ పైకప్పుకీ మధ్య 30 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ వదిలిన మేరకు సరుకు తగ్గుతుంది, అది భరిస్తాం. కానీ వానాకాలంలో కోనసీమలో అంత బొగ్గు ఆరబెట్టడానికి షెడ్డు ఎవరికుంది? గుంత కాల్చే చిన్నవాడికి చిప్ప అప్పు మీద వస్తుంది, బొగ్గు తూకం వేసిన రోజే డబ్బు కావాలి. ఇంకో రెండు వారాలు ఆగమంటే వడ్డీ ఎవరు కడతారు?

ల్యాబ్ బల్ల:
ఆ 14 రోజులే అసలు భద్రత అండీ, నా పరీక్ష కంటే కూడా. ఆక్సిజన్ పీల్చుకుని వేడెక్కే పని అంతా నేల మీద, మన కళ్లెదుటే జరిగిపోతుంది. అందుకే ఆ రోజులు తగ్గించమని అడగకండి. తయారైన తేదీ, ప్యాక్ చేసిన తేదీ, ఆ రోజు వేడి కాగితాల్లో రాయాలి కాబట్టి గుంత దగ్గరే పుస్తకం పెట్టించండి. థర్మామీటర్ కడ్డీని బస్తా పైన ఆనించి కాదు, కుప్ప మధ్యలోకి దింపి చూడాలి.

విశాఖ సీహెచ్‌ఏ:
షెడ్డు విషయంలో చిప్పబొగ్గు గారితో నేను ఏకీభవిస్తాను. ఒక్కొక్కరూ కట్టుకోలేకపోతే పదిమంది కలిసి ఒకటి కట్టుకోవచ్చు. కొనుగోలుదారుతో కాంట్రాక్టు రాసుకునేటప్పుడే ఈ రెండు వారాలూ లెక్కలో వేయించి, కొంత అడ్వాన్స్ అడగండి. రూల్ అన్ని దేశాల బొగ్గుకీ ఒకటే కాబట్టి అవతలివాడికి వేరే దారి లేదు. అయితే తనిఖీల మీద నా మాట మారదు. తప్పుడు పేరుతో దొరికిన పార్టీ మర్నాడే ఇంకో లైన్‌లో బుకింగ్ చేసుకోగలిగితే ఈ క్లాస్ 4.2 భారం అంతా నిజం రాసినవాళ్ల మీదే పడుతుంది.

ఉద్దానం సెయిలర్:
అది నేనూ ఒప్పుకుంటాను అన్నా. చిప్పబొగ్గు గారూ, మీ దగ్గర షెడ్డు వేస్తే గుంతలవాళ్లతో పాటు ఓడ దిగి వచ్చిన మా కుర్రాళ్లను కూడా ఒకసారి పిలవండి. మంట ఎలా ఉంటుందో వాళ్లే చెబుతారు.