‘తులౌ’ అన్న సమోవా మాటకు తెలుగు ఏది?

పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశమైన సమోవాకు వెళ్లబోతున్న మిత్రులొకరు అక్కడి ‘తులౌ’ అన్న మాటకు ‘క్షమించండి’ అని అర్థం రాసుకోవచ్చునా అని అడిగారు. ఆ అర్థం చాలదని నా అభిప్రాయం.

ఉపోలు దీవిలోని ఒక పల్లె ఇంట్లో ఆ మాట మొదటిసారి విన్నాను. ‘ఫలే’ అనే అక్కడి ఇంటికి గోడలుండవు, చుట్టూ స్తంభాలు, పైన కప్పు, కింద పరిచిన చాపలు, స్తంభాలకు ఆనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్న పెద్దలు. పదేళ్ల అమ్మాయి టీ కప్పుల పళ్లెంతో మా ముందునుంచి వెళ్లవలసివచ్చినప్పుడు, నడుము బాగా వంచి, ఖాళీగా ఉన్న చేతిని చాపకు తగులుతుందా అన్నంత కిందికి చాచి, ‘తులౌ, తులౌ’ అని మెల్లగా అంటూ దాటింది. ఆమె చేసిన తప్పేమీ లేదు. కూర్చున్నవారికంటె తన తల ఎత్తున ఉండవలసివచ్చినందుకు, వారి నడుమ ఉన్న చోటును తాను దాటవలసివచ్చినందుకు పాటించే మర్యాద అది. ఆ నడిమి చోటును సమోవావారు ‘వా’ అంటారు. మనుషుల మధ్య ఎడమూ అదే, బంధమూ అదే. దానిని చక్కగా కాపాడుకోవడమే వారి నడవడికి మూలం.

పెద్దల ముందునుంచి ఒంగి వెళ్లడం మన ఇళ్లలోనూ ఉంది గాని, దానికంటూ ఒక మాట లేదు. ‘తులౌ’కు మరో వాడుక కూడా ఉంది: నలుగురిలో అనరాని మాట అనవలసివస్తే ముందుగా ‘తులౌ’ అంటారు. అక్కడ మాత్రం మన ‘మీ ముందు అనకూడదు గానీ’ అన్నది అచ్చంగా సరిపోతుంది.

ఈ మర్యాద ఒక్క మాటతో ఆగదు. ‘రండి’ అనడానికి అధిపతి అయిన ‘అలిఈ’ని ‘అఫియో మై’ అనీ, సభలో మాట్లాడే వక్త అయిన ‘తులాఫలే’ను ‘మలియు మై’ అనీ ఆహ్వానిస్తారు. మొదటివారి ఇల్లు ‘మావోటా’, రెండవవారిది ‘లావోవా’. మనకు విచ్చేయు, వేంచేయు, దయచేయు అన్నవి ఉన్నా, మన్నన ఎక్కువగా ‘గారు’, ‘అండి’ వంటివాటిలోనే నిలుస్తుంది. అక్కడ బిరుదును బట్టి మాటే మారిపోతుంది. తన గురించి చెప్పుకొనేటప్పుడు మాత్రం ఎంతటివారైనా సామాన్యమైన మాటే వాడాలి. ఈ నియమం నాకెంతో నచ్చింది.

ఉచ్చారణలో తెలుగువారికి కష్టం తక్కువ, ఎందుకంటే సమోవా భాష కూడా అజంతమే. రోమను లిపిలో ‘గ’గా రాసేదానిని ‘ఙ’గా పలుకుతారు, ‘భాష’ అనే అర్థమున్న మాట ‘ఙఙన’. మన ‘వాఙ్మయం’లో తప్ప పెద్దగా పని లేకుండా ఉండిపోయిన అక్షరానికి అక్కడ నిండా పని ఉంది.

కాబట్టి ‘తులౌ’ను ‘తులౌ’గానే ఉంచి, పక్కన ‘పెద్దల ముందునుంచి దాటేటప్పుడు ఒంగి అనే మాట’ అని రాసుకోవడం మేలు. వాడుక పలుకుబడిలో ‘త’ ‘క’గా మారుతుంది కనుక పిల్లల నోట ‘కులౌ’ అని వినిపిస్తే అది వేరే మాట అనుకోవద్దు. మీరు మాత్రం ‘త’తోనే పలకండి, ప్రార్థనలోనూ అతిథులతోనూ వారు పలికేది అలాగే.