చర్చ: పెద్దలు చెప్పిన ‘రంగం’ – ఉన్నదున్నట్టు అచ్చు వేయాలా, తూచి వేయాలా?

తీరంవాసి (చర్చ మొదలుపెట్టినవారు)
శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా, బర్మాలోని రంగూన్ (మన పెద్దల నోట ‘రంగం’) వెళ్ళొచ్చిన కుటుంబాల జ్ఞాపకాలతో సంకలనం వేద్దామనుకున్నాం. పని మొదలవకముందే మనలో రెండు జట్లు తేలాయి. ముసలివాళ్ళు చెప్పింది చెప్పినట్టే వేయాలి, దిద్దడానికి మనమెవరం అని ఒక జట్టు. ‘రంగంలో బంగారం పండేది’ అన్నది కొద్దిమంది మాట, లక్షల మంది కూలీలది కాదు, అలాగే వేస్తే అబద్ధాన్ని అచ్చు వేసినట్టే అని రెండో జట్టు. కారణాలు చెప్పి వాదించండి. ‘మా తాతగారు’ అని మొదలయ్యేవి సంకలనానికి పంపండి. ఇక్కడ పద్ధతి గురించే మాట్లాడుకుందాం.

చిత్తుపుస్తకం
తూచే వేయాలి. ఒక జ్ఞాపకం మూడు తరాలు నిలవాలంటే ఇంట్లో ఫోటో ఉండాలి, ఉత్తరం ఉండాలి, కూర్చుని చెప్పే తీరిక ఉండాలి. ఈ మూడూ గుమాస్తాలకు, వర్తకులకు, కూలీలను పోగుచేసి ముఠాలు నడిపిన మేస్త్రీలకు ఉన్నాయి. వాళ్ళ రంగూన్ అంటే సూలే పగోడా చుట్టూ గళ్ళు గీసినట్టున్న వీధులు, 1906 నుంచి కరెంటుతో నడిచిన ట్రాములు, 1926 నాటి స్కాట్ మార్కెట్. కూలీ రంగూన్ అది కాదు. పజుండౌంగ్ కాలువ ఒడ్డున బియ్యం మిల్లులు, నది జెట్టీలు, సిరియంలో చమురు శుద్ధి కర్మాగారం, రాత్రికి కిక్కిరిసిన బస గది. గదిలో ఎంతమంది పడుకోవచ్చో గోడ మీద రాసి ఉండేది. లోపల పడుకునేవాళ్ళు మాత్రం ఆ లెక్కకు మించే ఉండేవారు.

డబ్బు దారి చూస్తే విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. ఊళ్ళో మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. ఓడ చార్జీ, ఇంట్లో వదిలి వెళ్ళేవాళ్ళ తిండి ఖర్చు అందులోంచే. ఆ బాకీ తీరేదాకా మనిషి ఆ ముఠాలోనే ఉండాలి. కూలి సొమ్ము కంపెనీ నుంచి కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి పెద్ద మేస్త్రీకి, ఆయన నుంచి ముఠా మేస్త్రీకి, చివరికి కూలీకి. ప్రతి మెట్టు మీదా కొంత జారిపోతుంది. లెక్క పుస్తకం మేస్త్రీ దగ్గరే. కూలీకి చదువు రాదు. బాకీ ఎప్పుడు తీరిందో చెప్పేది కూడా మేస్త్రీయే.

నా మాట నమ్మక్కర్లేదు, కూలీల స్థితిగతుల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్ నివేదికలో పదో సంపుటం పూర్తిగా బర్మాదే. ఆండ్రూ అనే ఆయన 1933లో రంగూన్ భారతీయ కూలీల మీద ఒక పుస్తకమే వేశాడు. ఆ రెండూ చదివాక కూడా ‘బంగారు రంగం’ అని శీర్షిక పెడతామంటే పెట్టుకోండి.

గోదారిగట్టు
చిత్తుపుస్తకం గారూ, కమిషన్ల ముందు సాక్ష్యం చెప్పింది ఎవరు? ఎక్కువగా ఆఫీసర్లు, కంపెనీలవాళ్ళు. కూలీ నోట్లోంచి నేరుగా వచ్చిన మాటలు అందులో ఎన్ని? కాగితం మీద ఉంది కాబట్టి నిజం, నోటిమాట కాబట్టి కల్పన అంటే ఒప్పుకోను.

పైగా అంత నరకమైతే మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళ్ళారు? 1927లో ఒక్క ఏడాదే రంగూన్ రేవులో దిగిన భారతీయులు 4 లక్షలు దాటారు. 1931 జనాభా లెక్కల్లో ఊరి జనం 4 లక్షలు, అందులో సగానికి పైగా మనదేశం వాళ్ళే. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ డెక్కు మీద చోటు కోసం తోసుకున్నవాళ్ళందరూ మోసపోయిన అమాయకులేనా? ఇక్కడ కరువు, జమీందారీ పన్ను, కులం పేరుతో కట్టిన హద్దు ఉన్నాయి. అక్కడ చేతికి నాణెం వచ్చేది. ఆ తేడా తెలిసినవాడే ‘బంగారం’ అన్నాడు. ఆ మాట అతిశయోక్తి కావచ్చు, అబద్ధం కాదు.

చిత్తుపుస్తకం
4 లక్షల అంకె చెప్పేవాళ్ళు ఎప్పుడూ సగమే చెబుతారు. అదే ఏడాది 3 లక్షలకు పైగా తిరుగు ఓడ ఎక్కారు. అది వలస లెక్క కాదు, రాకపోకల లెక్క. నవంబరు నుంచి కిందిబర్మాలో వరికోతలు, జనవరి నుంచి మే దాకా మిల్లుల్లో పని, వానలు పడగానే ఇంటిముఖం. రెండు మూడేళ్ళు ఉండి వచ్చేవాళ్ళు కొందరు. ఒకే మనిషి నాలుగుసార్లు వెళ్తే నాలుగుసార్లు లెక్కకెక్కుతాడు. ‘మళ్ళీ వెళ్ళారు కదా’ అనే వాదన కూడా బలహీనమే. అడ్వాన్సు తీరనివాడు కూడా మళ్ళీ వెళ్తాడు.

కులం సంగతి మాత్రం ఒప్పుకుంటాను. అది సంకలనంలో ఉండాల్సిందే.

పాతపటం
మీ ఇద్దరి వాదం మధ్య పనికొచ్చేది ఒకటి చెబుతాను. జ్ఞాపకాన్ని కొట్టిపారేయకుండానే సరిచూడొచ్చు. వీధి పేర్లతో మొదలుపెట్టండి.

అప్పటి పేర్లకూ ఇప్పటి పేర్లకూ పొంతన లేదు. ఫ్రేజర్ స్ట్రీట్ ఇప్పుడు అనవ్రథ, డల్హౌసీ స్ట్రీట్ మహాబండూల, మాంట్‌గోమరీ స్ట్రీట్ బోజో ఆంగ్ సాన్, ఫేయర్ స్ట్రీట్ పాన్సొడాన్, మొగల్ స్ట్రీట్ శ్వేబొంథ. తూర్పు పడమరగా వెళ్ళేవి వెడల్పాటి రోడ్లు. అంకెల పేర్లున్న సన్న వీధులు ఉత్తరం నుంచి దక్షిణానికి, నది వైపు దిగుతాయి. ఎవరైనా ‘ముప్పయ్యో వీధిలో తూర్పుగా పోతే ఏరు వచ్చేది’ అంటే దిక్కు తప్పిందని తెలిసిపోతుంది. దాన్ని కొట్టేయకండి, పక్కన రాసుకోండి. వీధి అంకెలో తప్పినవాళ్ళు గుడి పక్కనా, మిల్లు పక్కనా అన్నచోట తప్పరు.

1937 ప్రాంతంలో అచ్చయిన రంగూన్ పటం ఒకటి పెద్ద కాగితం మీద ముద్రించుకుని చెప్పేవాళ్ళ ముందు పరవండి. ‘ఎక్కడుండేవారు’ అని అడిగితే కథ వస్తుంది. ‘ఇంటి నుంచి జెట్టీకి ఎటు నడిచేవారు’ అని అడిగితే దారి వస్తుంది. రెండోదే కావాలి మనకి.

ఇంకో చిన్న గుర్తు: ట్రాములు యుద్ధంలో దెబ్బతిన్నాక మళ్ళీ నడవలేదు. 1950ల కథలో ట్రాము కనిపిస్తే అది వాళ్ళ అమ్మానాన్నల దగ్గర విన్నది, చూసింది కాదు.

బిళ్ళలపెట్టె
ట్రంకుపెట్టెల్లో దొరికేవాటితో కూడా ఏళ్ళు తేల్చొచ్చు. పాతపటం గారి పద్ధతి కంటే ఇది గట్టిదని నా అభిప్రాయం (పటాల వాళ్ళు కోప్పడొద్దు).

ఉత్తరం మీద మామూలు ఇండియా తపాలా బిళ్ళ ఉండి రంగూన్ ముద్ర ఉంటే 1937 ఏప్రిల్ 1కి ముందుది. ఆ రోజే బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అక్కడి నుంచి ఇండియా బిళ్ళల మీదే బర్మా అని అడ్డంగా అచ్చేసి వాడారు. 1938 చివర్లో బర్మాకు సొంత బిళ్ళలు వచ్చాయి. నెమలి ముద్ర అచ్చేసినవి జపాన్ వాళ్ళ కాలంవి. 1945 నాటివాటి మీద సైనిక పాలన అని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంటుంది.

నోట్లకూ ఇదే దారి. ఇండియా నోటు మీద ఎర్ర సిరాతో ‘బర్మాలో మాత్రమే చెల్లును’ అని ఇంగ్లీషులో కొట్టి ఉంటే 1937 తర్వాతది. జపాన్ ప్రభుత్వం పేరుతో రూపాయల్లో ఉండి, నంబరుకు బదులు ‘బి’తో మొదలయ్యే అక్షరాలుంటే అది ఆక్రమణ కాలం నోటు. బ్రిటిష్ వాళ్ళు తిరిగి రాగానే చిత్తు కాగితమైపోయింది. ఇవి ఇళ్ళలో కట్టలకు కట్టలున్నాయి, లక్షలొస్తాయని దాచుకుంటున్నారు. అమ్మితే మిరపకాయ బజ్జీల డబ్బులొస్తాయి. చ్యాట్ (రూపాయి స్థానంలో వచ్చిన బర్మా డబ్బు) నోటైతే, జపాన్ కాలంలో 1944 నుంచి అచ్చయిన కొన్ని తప్పితే, 1952 తర్వాతదే. మనియార్డరు కూపన్ ముక్క దొరికితే పారేయకండి, దాని మీద తపాలా ముద్ర తేదీ ఉంటుంది.

పాస్‌పోర్టు లేదు కాబట్టి వెళ్ళలేదేమో అని ఇదివరకు ఒకరు అనుమానించారు. విడదీయకముందు అది ఒకే దేశం. పాస్‌పోర్టు ఉండదు.

గోదారిగట్టు
బాగుంది. అయితే వస్తువు కూడా అబద్ధం చెబుతుంది సుమండీ. బర్మా టేకు దూలాలున్నాయి కాబట్టి రంగూన్ డబ్బుతో కట్టిన మేడ అంటారు. ఆ టేకు ఓడల మీద మన రేవులకు దిగుమతి అయ్యేది. డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు, రంగూన్ ముఖం చూడక్కర్లేదు. లక్క పెట్టెలూ అంతే.

ఉప్పుగాలి
అన్నిటికంటే పెద్ద గందరగోళం ఇంకా ఎవరూ ఎత్తలేదు. మన వాళ్ళు రెండుసార్లు ఖాళీ చేసి వచ్చారు. ఇళ్ళల్లో ఆ రెండూ కలిసి ఒకే కథ అయిపోయాయి.

మొదటిది 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డప్పటి నుంచి. 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి వెళ్ళింది. ‘నడిచి వచ్చాం’ అన్నారంటే ఏ దారో అడగాలి. ప్రోమ్ దాటి కొండలెక్కి టౌంగప్ దిగి, పడవల్లో అక్యాబ్, అక్కడి నుంచి చిట్టగాంగ్ అయితే మొదటి నెలల్లో వచ్చినవాళ్ళు. ఈ దారిలో చంపింది ఎక్కువగా కలరా. చింద్విన్ నది మీద కలేవా, ఆపై టము, పాలేల్, ఇంఫాల్, దిమాపూర్ అయితే తర్వాతి అల. హుకాంగ్ లోయ మీదుగా లేడో అయితే చిట్టచివరివాళ్ళు. వాళ్ళకు మే నుంచి వానలు పట్టుకున్నాయి. బురద, జలగలు, మలేరియా. ఆ దారి ఒక్కటే మిగిలేసరికి ఆలస్యమైపోయింది. రంగూన్ పడిపోకముందు ఓడ దొరికినవాళ్ళు నడవనే లేదు. ‘రంగూన్ నుంచి కాకినాడ దాకా నడిచారు’ అని రాస్తే మాత్రం నవ్వులపాలవుతాం. దిమాపూర్లోనో చిట్టగాంగ్‌లోనో రైలెక్కారు.

రెండోది 1962లో సైన్యాధిపతి నే విన్ అధికారానికి వచ్చాక. దుకాణాలు జాతీయం చేశారు, 1964 మే 17న 50, 100 చ్యాట్ నోట్లు రద్దు చేశారు. అప్పుడు వచ్చినవాళ్ళు ఓడల్లో వచ్చారు, చేతిలో విదేశీయుల నమోదు పత్రం ఉండేది. విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఆ అలదే. కథలో బాంబూ, దుకాణం జప్తూ రెండూ ఉంటే రెండు తరాలు మాట్లాడుతున్నాయన్నమాట. ఎవరిది ఏదో విడదీసి రాయండి.

చిత్తుపుస్తకం
ఉప్పుగాలి గారి మాటకు తోడు ఇంకొకటి. మన జ్ఞాపకాల్లో బర్మావాళ్ళు ఎక్కడున్నారు? నవ్వు ముఖంతో పూలు అమ్ముతూ కనిపిస్తారు, అంతే. 1930 మే సంగతి ఎవరూ చెప్పరు. జెట్టీల తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఓడల సరుకు ఎక్కించి దించే స్టీవిడోర్ కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తేలగానే, 26న పనికొచ్చిన బర్మావాళ్ళను పొమ్మన్నారు. కొట్లాట ఊరంతా పాకింది, వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఇద్దరు పేదల్ని కొట్టుకోనిచ్చి పక్కన నిలబడింది కంపెనీలే. దానికితోడు మాంద్యంలో కిందిబర్మా పొలాల్లో పాతిక శాతం తమిళ వడ్డీవ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయింది. అప్పిచ్చిన చెట్టియారుకూ బస్తా మోసిన తెలుగువాడికీ అక్కడ ఒకే పేరు, ‘కలా’ (పరాయి దేశం వాడు). తెలుగువాళ్ళను పిలిచే ‘కోరంగి’ అన్న మాట కూడా చిన్నచూపుతోనే వాడేవారు. 1839 తుపానులో దెబ్బతిన్న ఒక రేవు పేరు ఒక జాతి మొత్తానికి తిట్టయి కూర్చుంది.

గోదారిగట్టు
ఇది వేయాల్సిందే, కాదనను. అయితే ఇంకో అడుగు వేస్తారా? వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువ. అక్కడ బర్మా స్త్రీలతో సంసారాలు చేసి, పిల్లల్ని కని, 1942లో ఒంటరిగా వచ్చేసినవాళ్ళున్నారు. ఆ మాట ఏ ఇంట్లోనూ పెద్దగా బయటికి రాదు. అచ్చులో పెడితే కేసులు పెడతారో, కొడతారో!

తీరంవాసి
ఇంతవరకూ వచ్చిందాన్ని బట్టి ఇలా అనుకుంటున్నాను. చెప్పినవాళ్ళ మాట వాళ్ళ యాసలోనే, అక్షరం మార్చకుండా పేజీకి ఎడమవైపు. సరిచూసినది కుడివైపు. గోదారిగట్టు గారు అడిగిన సంసారాల సంగతి ఊరూ పేరూ తీసేసి, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే. మేస్త్రీల పేర్లు కూడా అంతే.

గోదారిగట్టు
కుడివైపు అక్షరాలు ఎడమవైపు కంటే పెద్దవిగా ఉండకూడదు. అదొక్కటే నా షరతు.

చిత్తుపుస్తకం
మేస్త్రీల పేర్లు తీసేయడం నాకు నచ్చలేదు. వాళ్ళ మనవలే కదా ఇవాళ సంకలనానికి చందాలిచ్చేది. దీని మీద ఇంకా మాట్లాడాలి.

పాతపటం
అది తేలేలోపు ఫోటోల పని కానివ్వండి. ఆల్బమ్‌లో అంటించినవాటిని ఊడదీయొద్దు, పేజీతో సహా స్కాన్ చేయండి. అంగుళానికి 600 చుక్కలు తగ్గకూడదు, టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫోటో ఫైలు రకం) దాచండి. నల్లగా ఉన్నచోట వెండిలా మెరుస్తుంటే తుడవకండి, అది మురికి కాదు, పొరలోని వెండే పైకి తేలింది. వెనకవైపు తప్పకుండా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. బాల్‌పెన్ను నొక్కుకు ముందువైపు ముఖాల మీద గీతలు లేస్తాయి. జిగురు పేజీలు, పైన ప్లాస్టిక్ పొర ఉన్న ఆల్బముల్లో పెట్టినవి ముందు తీసుకోండి, మన తీరం తేమకు అవే తొందరగా పాడవుతాయి.