బీఈఎక్స్ క్వెరీలో ఫార్ములా కాలమ్‌కు మొత్తం రావడం లేదు

ప్రశ్న
నమస్కారం. మా ఎగుమతి విభాగం అమ్మకాల నివేదిక కోసం ఎస్‌ఏపీ బీడబ్ల్యూ 7.5లో (సంస్థ డేటాను నిల్వ చేసే వ్యవస్థ), దాని నివేదికల సాధనం బీఈఎక్స్‌తో ఒక క్వెరీ తయారు చేశాను. పరిమాణాన్ని యూనిట్ ధరతో గుణించి విలువ రాబట్టే ఫార్ములా ఒకటి, లాభాన్ని అమ్మకంతో భాగించి శాతం చూపే ఫార్ములా మరొకటి ఇందులో ఉన్నాయి. ఒక్కో మెటీరియల్ (సరుకు) వరుసలో రెండూ సరిగానే కనిపిస్తున్నాయి గానీ, చివరి రిజల్ట్ (మొత్తాల) వరుసకు వచ్చేసరికి పరిమాణానికి మాత్రమే మొత్తం వస్తోంది. విలువ దగ్గర నక్షత్రం గుర్తు ఉంది, శాతం గడి ఖాళీగా ఉంది. లోపం ఎక్కడ వెతకాలో పెద్దలు చెప్పగలరు.

మొదటి జవాబు
ఆ రెండు గడులను వేర్వేరు సమస్యలుగానే చూడండి. రిజల్ట్ వరుస అసలే రాకపోతే మెటీరియల్ ప్రాపర్టీస్‌లో రిజల్ట్ వరుసలను అణచిపెట్టారేమో చూడమనేవాడిని. మీకు వరుస వస్తోంది కనుక అది కాదు. ఒక్క శాతం గడే ఖాళీగా ఉందంటే, ఆ ఫార్ములా క్యాలిక్యులేషన్స్ ట్యాబ్‌లో ‘క్యాలిక్యులేట్ రిజల్ట్ యాజ్’ దగ్గర ఫలితాన్ని దాచమనే ఎంపిక ఉండి ఉంటుంది. పాత క్వెరీని కాపీ చేసి మార్చుకున్నప్పుడు ఇలాంటివి వెంట వస్తుంటాయి.

నక్షత్రం సంగతి వేరు. రూపాయల వరుసలూ డాలర్ల వరుసలూ కలిసినప్పుడు కూడిక అర్థవంతం కాదని వ్యవస్థ అలా చెబుతుంది. కన్వర్షన్స్ ట్యాబ్‌లో కరెన్సీ మార్పిడి రకాన్ని, లక్ష్య కరెన్సీని ఇవ్వండి. ఫార్ములాను నోడిమ్‌లో (కరెన్సీని, యూనిట్‌ను తీసేసి ఉత్త అంకెనే ఇచ్చే ఫంక్షన్) పెడితే నక్షత్రం పోతుందని కొందరు సలహా ఇస్తారు. నిజమే, పోతుంది, కానీ 100 డాలర్లకు 100 రూపాయలు కలిపి 200 అని చూపించే అంకెను పై అధికారి ముందు పెట్టడం కంటే నక్షత్రమే మేలు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. మార్పిడి పెట్టాక నక్షత్రం పోయింది. శాతం ఫార్ములాలో మీరన్న ఎంపికే ఉంది, తీసేశాను. అయితే ఇప్పుడు విలువ మొత్తం నమ్మశక్యం కానంత పెద్దగా వస్తోంది. రెండింటికీ ‘క్యాలిక్యులేట్ రిజల్ట్ యాజ్’ దగ్గర సమ్మేషన్ (కూడిక) పెట్టేయవచ్చా?

రెండో జవాబు
తొందరపడకండి. ఫార్ములా మామూలుగా అగ్రిగేషన్ (వరుసల అంకెలను కూడడం) అయ్యాకే పనిచేస్తుంది. ఒక మెటీరియల్ 10 యూనిట్లు 50 రూపాయల చొప్పున, ఇంకొకటి 4 యూనిట్లు 200 చొప్పున అమ్మారనుకుందాం. వరుసల్లో 500, 800 సరిగానే వస్తాయి. రిజల్ట్ వరుసలో మాత్రం 14 యూనిట్లను, రెండు ధరల కూడిక అయిన 250తో గుణించి 3500 చూపిస్తుంది. రావలసింది 1300.

సమ్మేషన్ పెడితే 1300 కనిపిస్తుంది గానీ, అది తెర మీది వరుసల కూడిక మాత్రమే. మెటీరియల్‌ను డ్రిల్‌డౌన్ (నివేదికను వరుసలుగా విడదీసే అంశాలు) నుంచి తీసేస్తే పాత తప్పే తిరిగి వస్తుంది. ఈ ఫార్ములాను వాడే ఇంకో ఫార్ములాకు కూడా సరిచేసిన అంకె అందదు. విలువను క్యాలిక్యులేటెడ్ కీ ఫిగర్‌గా (ఇతర అంకెల నుంచి లెక్కించే కొలత) చేసి, ఎక్సెప్షన్ అగ్రిగేషన్‌లో సమ్మేషన్ ఎంచుకుని, రిఫరెన్స్ క్యారెక్టరిస్టిక్‌గా మెటీరియల్‌ను ఇవ్వండి; అంటే ముందు ఒక్కో మెటీరియల్‌కు విలువ లెక్కించి, ఆ తర్వాతే కూడుతుంది. ఒకే మెటీరియల్‌కు కస్టమర్‌ను బట్టి ధర మారుతుంటే అదీ చాలదు; అప్పుడు గుణకారాన్ని డేటా లోడ్ సమయంలోనే ట్రాన్స్‌ఫర్మేషన్‌లో (వచ్చే డేటాను మార్చి నింపే దశ) చేసి, విలువను నేరుగా నిల్వ చేసుకోవడం ఉత్తమం, క్వెరీ కూడా వేగంగా నడుస్తుంది.

శాతానికి సమ్మేషన్ అసలు వద్దు. 1000 రూపాయల అమ్మకం మీద 200 లాభం, 500 మీద మరో 200 లాభం ఉంటే వరుసల్లో 20, 40 శాతం వస్తాయి. కూడితే 60, సగటు తీస్తే 30, రెండూ తప్పే. 400ను 1500తో భాగిస్తే వచ్చే 26.67 శాతమే సరైనది, దాన్ని ఫార్ములా ఏ సెట్టింగూ లేకుండానే ఇస్తుంది.

ప్రశ్న అడిగినవారు
మా ఒప్పందాల్లో ధర కస్టమర్‌ను బట్టి మారుతుంది కనుక విలువను లోడ్‌లోనే లెక్కించేలా మార్చమని బ్యాకెండ్ బృందాన్ని కోరాను. శాతం ఫార్ములాను అలాగే వదిలేశాను, దాని మొత్తం సరిపోతోంది.