సర్వైవల్ షోలు చూస్తా చైనీస్ నేర్చుకోవడం అయ్యే పనేనా?

రొయ్యలగుంట_పిల్ల:
అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది ఇందుకూరుపేట సైడు, నెల్లూరులో బీటెక్ ఫైనల్ ఇయర్. పోయినేడు ఎండాకాలం సెలవల్లో పనీపాటా లేక యూట్యూబ్ తిప్పతా ఉంటే ఛువాంగ్ 2021 అని చైనా వాళ్ళ సర్వైవల్ షో, అంటే కొందర్ని ఇంటికి పంపిస్తా పోయే ట్యాలెంట్ షో ఒకటి తగిలింది, 90 మంది కుర్రోళ్ళని హైనాన్ దీవిలో పెట్టి పాడించి ఆడించి చివరికి 11 మందితో గ్రూపు కడతారు, పది నిమిషాలు చూద్దాంలే అని కూర్చుంటే తెల్లారి పాలాయన బెల్లు కొట్టేదాకా లేవలా. అందులో లెలుష్ అని ఒక రష్యా అబ్బాయి. అసలు వచ్చింది జపాన్ కుర్రోళ్ళకి దుబాసీ పనికి, షోవాళ్ళు పోటీలోకి దించేశారు, దిగాక బుద్ధొచ్చి బాబ్బాబు నాకు ఓట్లెయ్యొద్దు ఇంటికి పంపించండి అంటాడు, జనమేమో నువ్వు కదిలేదానికి లేదని ఫైనల్ దాకా లాక్కెళ్ళారు. ఆయన నోట్లో నలిగే మాట ‘షియాపాన్’, డ్యూటీ దిగడం అని. నాకొచ్చిన మొదటి చైనీస్ మాట అదే, ఇప్పటికీ లాస్ట్ పీరియడ్ అయిపోతే మనసులో అదే అనుకుంటా.

ఆడినుంచి పట్టింది పిచ్చి. నోటుబుక్కు పెట్టి పది నెలలైంది. బాధేందంటే నాకొచ్చేవన్నీ షో మాటలే. ఎలిమినేట్ అవడం థావ్‌థాయ్, ఫైనల్ గ్రూపులో చోటు దక్కించుకుని ఐడల్‌గా బయటికి రావడం ఛూతావ్, ట్రైనీలు లియెన్‌షీషెంగ్, వాళ్ళకి నేర్పే మెంటర్ తావ్‌షీ. పాటలు ఏడెనిమిది బట్టీ వచ్చు. అదే ‘మంచినీళ్ళు యాడ దొరుకుతాయి’ అనమంటే నోరు పెగలదు. మా నాయన రొయ్యల గుంటలు చేస్తాడు, మన రొయ్యలు చైనా దాకా పోతా ఉండాయి గానీ నీ చైనా మాటలు పెన్నా బ్రిడ్జి కూడా దాటేటట్టు లేవే అంటాడు. ఇది చదువా టైంపాసా చెప్పండబ్బా.

ఇంకోటి, ఒక ఫ్యాన్ గ్రూపులో చేరా. ఆ 11 మందిలో ఒకాయన పుట్టినరోజుకి యింగ్‌యువెన్ అంట, అంటే సపోర్టు, మన ఫ్లెక్సీల బాపతే, తలా 2000 వెయ్యమంటున్నారు. వెయ్యకపోతే నువ్వు ఫ్యానే కాదు పో అంటా ఉండారు. ఏం చేసేది?

ఒంగోలు_రాత్రిబండి:
చెల్లెమ్మా, టైంపాసే, కాకపోతే చదువు కూడా దాంట్లోనే ఉంది, నువ్వు తప్పు చోట తవ్వుతున్నావ్. ముందు పాటలు పక్కన పెట్టు. చైనీస్‌లో టోన్, అంటే గొంతు పైకీ కిందికీ పోయే తీరు, మారితే అర్థం మారుద్ది గదా, పాటలో ట్యూన్ వచ్చి ఆ టోన్లని మింగేస్తది. నేను రెండేళ్ళు ఇదే తప్పు చేశా, పాడితే చప్పట్లు, మాట్లాడితే ఎవుడికీ ముక్క అర్థం కాలా. పాటయ్యాక తావ్‌షీలు మాట్లాడతారే, అదీ అసలు సరుకు. గొంతు బాగుంది గానీ భయపడ్డావ్, పోయినసారికన్నా మేలు, ఇయ్యే నాలుగు మాటలు ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ తిరగేసి మరగేసి అంటారు. రూముల్లో తిండి గురించి కొట్టుకునే ముక్కలు ఇంకా మేలు, నీ మంచినీళ్ళు ఆడ దొరుకుతాయి. వాళ్ళ షోల్లో మాట్లాడిన ప్రతి మాటా వాళ్ళ లిపిలోనే కింద పడతది గాబట్టి ఆపు, ప్లెకో డిక్షనరీలో చూడు, మళ్ళీ పెట్టి వాళ్ళతో పాటు గట్టిగా అను. రోజుకి రెండు నిమిషాల ముక్క చాలు.

ఇంకో సంగతి ఎవురూ చెప్పరు. పిన్‌యిన్‌ని, అంటే చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేదాన్ని, ఇంగ్లీషులాగా చదవమాక. వాళ్ళు బి అని రాసేది మన ప, డి అంటే త, జి అంటే క. పి, టి, కె లు మన ఒత్తక్షరాలు, కడుపులోంచి గాలి రావాల, పి అంటే పెదాలు కలిపి పలికే ఫ, ఫ్యాన్‌లో ఫ కాదు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు తంటాలుపడే జెడ్ మనకి ‘చాలు’ అన్నప్పుడొచ్చే చ, జే ఏమో ఇంచుమించు ‘చీర’లో చ. ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా పలికే నోరు మనకి పుట్టుకతో ఉంది, వాడుకో. యు మీద రెండు చుక్కలు పెట్టేదొక్కటి మనకి లేదు, ఈ అంటా పెదాలు సున్నా చుట్టాలి. నేను అద్దం ముందు అట్టా చేస్తా ఉంటే మా అమ్మ దిష్టి తీసింది.

కావలి_పాతఫ్యాన్:
భాష సంగతి పైన తమ్ముడు చెప్పాడు, నేను 2000 గురించి చెప్తా. 2010లో మన అద్దంకి శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్ ఫైనల్లో ఉన్నప్పుడు మా బాబాయి టాపప్ కార్డులు గీకిస్తా ఉంటే నేను ఎస్సెమ్మెస్‌లు కొట్టా, గెలిచాడు, ఆ రాత్రి మా వీధిలో టపాకాయలు. చైనాలో ఇదే పిచ్చి 2005లోనే, సూపర్ గర్ల్ ఫైనల్లో లీ యూఛున్‌కి 35 లక్షల పైన ఫోన్ ఓట్లు పడ్డాయి. అప్పుడు పోయింది రీఛార్జి డబ్బులే గదా. ఆ తర్వాత కంపెనీలు ఈ ప్రేమని సరుకుకి ముడేశాయి. 2021లో యూత్ విత్ యూ మూడో సీజన్, స్పాన్సర్ పాల సీసా మూత లోపల క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే ఓటు. ఎన్ని మూతలో అన్ని ఓట్లు, ఇంక చూస్కో, కేసులు కేసులు కొనడం, మూతలు పీక్కోవడం, పాలు కాలవలో పారబోయించడం. ఆ వీడియో బయటపడి ఊరూవాడా తిట్టిపోశారు, మే నెలలో ఫైనలే ఆగిపోయింది, సెప్టెంబర్లో ఐడల్ తయారీ షోలే వద్దని అక్కడి ప్రభుత్వం ఆర్డరేసింది. మనోళ్ళు కటౌట్ మీద పోస్తారు, వాళ్ళు కాలవలో పోశారు, ఎవురి పిచ్చైనా మధ్యలో పోయేది పాలే.

నీ గ్రూపోళ్ళు అడిగేది ఎవురి అకౌంట్‌కో కనుక్కున్నావా? ఆ 11 మంది గ్రూపు 2023 ఏప్రిల్లోనే విడిపోయింది గదమ్మా. లెక్కా రసీదూ చూపించమను, వాళ్ళే నిన్ను రిమూవ్ చేస్తారు, పీడా పోద్ది. వాళ్ళ భాషలో ఫ్యాన్‌ని ఫెన్‌సి అంటారు, అదే మాటకి సన్న సేమ్యా అని కూడా అర్థం. ఉడికించేవాడు ఉడికిస్తానే ఉంటాడు.

తడ_నైట్‌షిఫ్ట్:
శ్రీసిటీలో పనిచేస్తా, మా లైన్లో చైనా ఇంజినీర్లు ఉండారు. పాపా ఒకటి గుర్తుపెట్టుకో, షోలో ఫ్యాన్లు హీరోని కెకె అంటారు గదా, అన్నా అని, చూసినోళ్ళందర్నీ అట్టా పిలవమాక. నేను ఒక పెద్దాయన్ని అనేసి నవ్వులపాలయ్యా. ఇంజినీర్ని ఇంటిపేరు చెప్పి పక్కన కుంగ్ అని చేరుస్తారు, చేతిపని వచ్చిన మేస్త్రిని షీఫు అంటారు. ఇంటిపేరు ముందు పెట్టడం మనకి కొత్తేం కాదుగా. థావ్‌థాయ్ మాత్రం పనికొచ్చింది, పాత మిషన్ తీసేసేటప్పుడు కూడా అదే మాట అన్నారు, టక్కున అర్థమైంది.

రొయ్యలగుంట_పిల్ల:
రసీదు అడిగా కావలన్నా. గంటలో బ్లాక్ చేశారు, ఏడుపొచ్చింది ముందు, తర్వాత హాయిగా ఉంది.

ఒంగోలన్నా, తావ్‌షీ ముక్కలు మూడు వారాల నుంచి చేస్తా ఉండా. మొన్న ఆన్‌లైన్లో ఒక చైనా అమ్మాయితో మాట్లాడతా నేను షియాపాన్ అయ్యా అని గొప్పగా అన్నా, ఆమె పడీపడీ నవ్వింది. షియా అనేదాన్ని పైనుంచి కిందికి పడేస్తే దిగడం, పైనే తిన్నగా లాగితే రొయ్య అంట. నేను తిన్నగా లాగేశా. రొయ్యల డ్యూటీ అయింది. ఇది నాయనకి చెప్తే ఒక్కసారి విని షియా అని తిన్నగా లాగి అన్నాడు, నాకన్నా శుభ్రంగా. ఇప్పుడు రొయ్యల కౌంట్, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో, చెప్పేదానికి అంకెలు నేర్పమని కూర్చున్నాడు. నలభై అంటే సి-షి, పద్నాలుగు అంటే షి-సి. ఇది తిరగబడితే రేటే మారిపోద్దే, సరిగ్గా విని చెప్పు అని నన్నే గదమాయిస్తా ఉండాడు.