సరిహద్దు అవతల చెర: పారిపోవడం హక్కా, కొరివితో తల గోక్కోవడమా?

పాతపటం:
1972 ఆగస్టులో రావల్పిండి యుద్ధఖైదీల శిబిరం గోడకు కన్నం వేసి మన వైమానిక దళ అధికారులు ముగ్గురు బయటపడ్డారు: దిలీప్ పారుల్కర్, మల్విందర్ సింగ్ గ్రేవాల్, హరీష్ సింహ్‌జీ. అప్పటికే 1971 భారత్-పాక్ యుద్ధం ముగిసి ఎనిమిది నెలలు. డిసెంబరు 1న అందరూ వాఘా మీదుగా ఎలాగూ ఇల్లు చేరారు. అంత తెగింపు అవసరమా? వాళ్లు మళ్లీ దొరికిపోగా, మిగిలిన ఖైదీలను కూడా లాయల్‌పూర్ జైలుకు మార్చేశారు. నా దృష్టిలో అది తప్పుడు లెక్క.

చట్టంచదివినవాడు:
డిసెంబరు 1 సంగతి ఈరోజు మనకు తెలుసు, ఆగస్టులో వాళ్లకు తెలియదండీ. పోరు ఆగగానే ఖైదీలను జాప్యం లేకుండా వదలాలని, యుద్ధఖైదీల హక్కులు చెప్పే మూడో జెనీవా ఒప్పందం 118వ అధికరణం చెబుతోంది. అయినా జులై 2 నాటి సిమ్లా ఒప్పందంలో వాళ్ల విడుదలకు తేదీయే లేదు. మన చేతిలో ఉన్న దాదాపు 93 వేల మంది పాకిస్థానీ ఖైదీల సంగతీ తేలలేదు. ఇక దొరికిపోతే ఏమవుతుంది? 92, 90 అధికరణాల ప్రకారం క్రమశిక్షణ చర్య మాత్రమే, నిర్బంధం 30 రోజులకు మించకూడదు. దొంగ కాగితాలు, మామూలు దుస్తులు వాడినా, ఎవరి ఒంటికీ హాని చేయనంతవరకు అంతే.

పాతపటం:
కాగితం మీద సరే. కాల్పులను 42వ అధికరణం పూర్తిగా నిషేధించలేదు, ముందు హెచ్చరించి చివరి మార్గంగా కాల్చవచ్చంది. అసలు వాళ్లు దొరికిందే చిన్న పొరపాటు వల్ల. అఫ్ఘానిస్థాన్‌లోకి జారుకోవాలని పెషావర్ దాటి లండీకోటల్ చేరాక, లండీఖానాకు దారి అడిగారు. అక్కడికి రైలు 1932లోనే ఆగిపోయింది. పాత అట్లాసులో మాత్రం ఆ స్టేషన్ అలాగే ఉంది. అఫ్ఘాన్ సరిహద్దు ముంగిట్లో, లేని స్టేషన్‌కు దారి అడిగే కొత్త ముఖాన్ని ఎవరు అనుమానించరు?

చట్టంచదివినవాడు:
అది ఒప్పుకుంటాను. బయటి పూత చెక్కుచెదరకుండా లోపలి ఇటుకలు తీయడం, సూదికి అయస్కాంత శక్తి ఎక్కించి దిక్సూచి చేసుకోవడం వంటివన్నీ కుదిరాయి, పటం ఒక్కటే ముంచింది. కానీ పట్టుబడ్డాక వాళ్లను కాపాడింది కూడా చట్టమే. తమను యుద్ధఖైదీలుగా ఎరిగిన పాకిస్థానీ అధికారికి ఫోన్ చేయించగలిగారు. అది జరగకపోతే గూఢచారులనే ముద్ర పడేది.

తీరంకబురు:
మీరిద్దరూ సైనికుల దగ్గరే ఆగిపోయారు. మన శ్రీకాకుళం కళాసీల (బోటు కూలీల) మాటేమిటి? గుజరాత్ బోట్లలో వేటకు వెళ్లి 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడ్డ ఆంధ్ర మత్స్యకారులు 20 మంది, 2020 జనవరి 6న వాఘా దాటారు. వాళ్లు యుద్ధఖైదీలు కారు, మీరు చెప్పే 30 రోజుల పరిమితి వాళ్లకు వర్తించదు. పారిపోతే అది మరో నేరం. పైగా కరాచీ నుంచి తూర్పుకు వస్తే మన కంచె, మన కాపలా తుపాకులే ఎదురవుతాయి. 2025 జూన్‌లో భూప్రకంపనల గందరగోళంలో కరాచీలోని మలీర్ జైలు నుంచి 200 మందికి పైగా ఖైదీలు పారిపోతే చాలామందిని తిరిగి పట్టుకున్నారు. భాష రాని మనవాడు ఎంత దూరం వెళ్తాడు?

పాతపటం:
అయితే ఓర్చుకోవడమే దారి అంటారా?

తీరంకబురు:
ఊరికే కూర్చోమనడం లేదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరదేశానికి చేపల వేటపై హక్కుండే సముద్ర భాగంలో) చేపల వేట ఉల్లంఘనకు ఒప్పందం లేనిదే జైలు శిక్ష వేయకూడదు. పూచీకత్తుపై బోటునూ మనుషులనూ వెంటనే వదలాలి. రెండు దేశాలూ దాన్ని పాటించడం లేదు, అది నిజమైన అన్యాయం. మిగిలింది 2008 మే 21 నాటి దౌత్య ఒప్పందం: జనవరి 1, జులై 1న జాబితాల మార్పిడి, అరెస్టయిన మూడు నెలల్లో దౌత్య సిబ్బందితో భేటీ, శిక్ష పూర్తై జాతీయత తేలాక నెలలో విడుదల. ఆలస్యమంతా ఆ "జాతీయత తేలడం" దగ్గరే. శిక్ష ముగిసినా మనిషి లోపలే ఉంటాడు. మనవాళ్లకు చిక్కు ఇంకా ఎక్కువ: బోటు కాగితాలు గుజరాత్ యజమాని దగ్గర, మనిషి ఆధారాలు ఇక్కడి ఊళ్లో. అక్కడ ఉర్దూలో రాసుకున్న పేరు, తండ్రి పేరు, ఊరు ఇక్కడి ఆధార్‌తో కలవకపోతే విచారణ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే పట్టుబడ్డ కబురు అందిన వారంలోనే ఆధార్, రేషన్ కార్డు, మత్స్యకార గుర్తింపు కార్డు నకళ్లు, బోటు నంబరు, సరంగు (బోటు నడిపేవాడి) పేరు ఒకే కట్టగా పోలీస్ స్టేషన్‌లోనూ మత్స్యశాఖలోనూ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది రెండు చోట్లా ఒకేలా ఉండాలి.