ఫ్రెంచ్‌లో ఈ "స" ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు?

ప్రశ్న (లియోన్)

అందరికీ నమస్కారం. లియోన్‌కి కొత్తగా వచ్చాను. క్లాసులో "స లవే" (కడుక్కోవడం), "సబియే" (బట్టలు వేసుకోవడం) లాంటి క్రియలు మొదలయ్యాయి. వాటి ముందు వచ్చే మ (నన్ను), త (నిన్ను), స (తనను) ఏ క్రియకు రావాలో, దేనికి అక్కర్లేదో అంతుపట్టడం లేదు. గతకాలంలో రాస్తే టీచర్ ప్రతి వాక్యం దిద్దుతున్నారు. ఏ2 (ప్రాథమిక స్థాయి ఫ్రెంచ్) పరీక్ష కూడా రాయాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు (తూలూజ్)

తెలుగు వైపు నుంచి రండి, సగం భారం తగ్గుతుంది. మన "కొను" చేసే పనే చాలాచోట్ల వాళ్ళ "స" చేస్తుంది. కడగడం లవే, కడుక్కోవడం స లవే. పడుకోబెట్టడం కూషే, పడుకోవడం స కూషే. పెళ్ళి చేయడం మరియే, చేసుకోవడం స మరియే. ఒకరితో ఒకరు చేసే పనులూ అంతే: పోట్లాడుకోవడం స దిస్ప్యుతే, మాట్లాడుకోవడం స పర్లే.

అయితే కనిపించిన ప్రతి "కో"కీ స తగిలించకండి. నేర్చుకోవడం అప్రాఁద్ర్, తీసుకోవడం ప్రాఁద్ర్, అనుకోవడం పాఁసే, అర్థం చేసుకోవడం కొఁప్రాఁద్ర్. వీటికి స లేదు. మనవాళ్ళు ఎక్కువగా తప్పేది వీటి దగ్గరే. తెలుగులో "కో" లేకపోయినా అక్కడ స వచ్చేవీ ఉన్నాయి: లేవడం స లవే కాదు, స లెవే (వినడానికి దగ్గరగా ఉంటాయి, జాగ్రత్త), గుర్తుండడం స సువ్‌నీర్, పొరబడడం స త్రొఁపే, తొందరపడడం స దెపెషే. అందుకే నోట్‌బుక్‌లో ఒట్టి క్రియ రాసుకోవద్దు, స తో కలిపే రాసుకోండి.

ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. "స్నానం చేశాను" అనడానికి స బెన్యే వాడితే సముద్రంలోనో ఈతకొలనులోనో దిగారని అనుకుంటారు. షవర్ కింద చేసేది స దుషే.

జవాబు (గ్రెనోబ్ల్)

మీ టీచర్ దిద్దుతున్నది బహుశా సహాయక క్రియను. స ఉన్న క్రియలన్నిటికీ పస్సే కొఁపోజేలో (మామూలు గతకాలంలో) ఎత్ర్ (ఉండు) రావాలి, అవ్వార్ (కలిగి ఉండు) రాదు. "జె లవే లా వ్వాత్యూర్", అంటే కారు కడిగాను. అదే నన్ను నేను కడుక్కుంటే "జ మ సుయి లవే". స వచ్చిందంటే ఎత్ర్ వచ్చినట్టే, దీనికి మినహాయింపు లేదు.

తర్వాతిది రాతలో వచ్చే చిక్కు. స్త్రీ గురించి రాస్తే "ఎల్ సె లవే" (స, ఎత్ర్ రూపం కలిసి సె) చివర ఇంకో "e" అక్షరం చేరుతుంది. కానీ "ఎల్ సె లవే లె మెఁ", చేతులు కడుక్కుంది అంటే చేరదు. కడిగింది చేతుల్ని, కర్మ అవే, అవి క్రియ తర్వాత వచ్చాయి. ఇక్కడ స కి "తనకు" అన్న అర్థమే మిగిలింది. స పర్లే, స తెలెఫోనే కూడా ఇలాంటివే, ఎవరితోనో మాట్లాడటం, ఎవరికో ఫోన్ చేయడం కాబట్టి ఏ అక్షరమూ చేరదు. చాలా క్రియల్లో ఈ తేడా చెవికి వినబడదు, మాట్లాడేటప్పుడు బెంగ పెట్టుకోకండి. కూర్చోవడంలో మాత్రం వినబడుతుంది: ఇల్ సె అసి, ఎల్ సె అసీజ్.

"కాదు" అని చెప్పాలంటే మ కి ముందు న, సుయి తర్వాత పా: "జ న మ సుయి పా ఎఁస్క్రీ", నేను పేరు నమోదు చేసుకోలేదు. మ, సుయి రెంటినీ కలిపి ఒకే ముక్కగా నోటికి పట్టించుకుంటే న, పా వాటి చుట్టూ వాటంతటవే కూర్చుంటాయి.

రెండు క్రియలు కలిసినప్పుడు స మారాలి. "జ వె సెఁస్క్రీర్" తప్పు, "జ వె మెఁస్క్రీర్" ఒప్పు. నిఘంటువులో సెఁస్క్రీర్ అని ఉంటుంది గనక దాన్నే అలాగే దించేస్తుంటారు.

జవాబు (పారిస్)

ఆఫీసు కాగితాల్లో వచ్చేవి నేను చెబుతాను. ప్రెఫెక్త్యూర్ (జిల్లా స్థాయి ప్రభుత్వ కార్యాలయం) నుంచి వచ్చే పిలుపుల్లో "వెయ్యే వు మ్యునీర్ ద్యూన్ పియెస్ దిదాఁతితే" అని ఉంటుంది. అంటే గుర్తింపు కార్డు వెంట తెచ్చుకోండి అని. స మ్యునీర్ మాటల్లో తక్కువ, కాగితాల మీద ఎక్కువ. "వు వుజ్ అప్లే కొమాఁ?" అన్నప్పుడు రెండు వు లూ ఉండాల్సిందే, ఒకటి కర్త, ఒకటి కర్మ. పొరపాటున రెండుసార్లు వచ్చిందనుకుని ఒకటి తీసేస్తే వాక్యం అర్థం మారిపోతుంది.

డాక్టర్ దగ్గర: "జ మ సుయి కస్సే ల బ్రా", చెయ్యి విరిగింది. "మొఁ బ్రా" అనకండి. ఎవరి చెయ్యో మ ముందే చెప్పేసింది. చీలమండ మెలిపడితే "జ మ సుయి తోర్ద్యు లా షవీయ్".

ఇక "చేయించుకోవడం". దీనికి అచ్చంగా సరిపోయేది స ఫెర్, దాని వెనక ఇంకో క్రియ. జుట్టు కత్తిరించుకున్నాను అని మనం మామూలుగా అన్నా, అక్కడ "జ మ సుయి ఫె కుపే లె షవ్వో" అనాలి. ఫె వదిలేస్తే కత్తెర మీ చేతిలోనే ఉందని అర్థం. టీకా వేయించుకున్నాను: "జ మ సుయి ఫె వక్సినే". స్త్రీ చెప్పినా ఫె మారదు. ఫోన్ ఎవరో కొట్టేసినా ఇదే నమూనా: "జ మ సుయి ఫె వొలే మొఁ తెలెఫోన్". పోలీసులకు చెప్పాల్సి వస్తే ఈ వాక్యం పనికొస్తుంది.

ప్రశ్న (లియోన్)

చాలా థాంక్సండీ. పరీక్షకు ఎన్ని క్రియలు నేర్చుకోవాలి? స చేరితే అర్థమే మారిపోయేవి కూడా ఉన్నాయంటున్నారు?

జవాబు (గ్రెనోబ్ల్)

దెల్ఫ్ (ఫ్రెంచ్ భాషా పరీక్ష) ఏ2లో నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 50 రావాలి, ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. 2026 జనవరి 1 నుంచి బహుళ సంవత్సరాల నివాస కార్డుకు ఏ2 స్థాయి అడుగుతున్నారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మౌఖికంలో మీ దినచర్య గురించి రెండు నిమిషాలు మాట్లాడమనడం మామూలే. లేవడం, స్నానం, తయారవడం, పడుకోవడం, విశ్రాంతి: స లెవే, స దుషే, సబియే, స కూషే, స రపోజే. వీటిని వర్తమానంలో, నిన్నటి మాటగా, రేపటి మాటగా మూడు రకాలుగా చెప్పగలిగితే చాలు. మధ్యలో టిఫిన్ తినడానికి స పెట్టకండి.

అర్థం మారేవాటిలో ముందు మూడు పట్టుకోండి. "జతాఁ ల బ్యుస్" బస్సు కోసం చూస్తున్నాను, "జ మతాఁ ఆ..." ఫలానాది జరుగుతుందని ముందే ఊహిస్తున్నాను. "జ దూత్" నాకు అనుమానం, నమ్మకం లేదు. "జ మాఁ దూత్" నేను ముందే పసిగట్టాను, దాదాపు వ్యతిరేకం. "పస్సే" అంటే దాటడం, గడపడం. "స పస్సే ద" అంటే ఏదైనా లేకుండా సర్దుకోవడం.

జవాబు (తూలూజ్)

ఒకటి కలుపుతాను. రోజువారీ మాటల్లో "ను ను" తక్కువ వింటారు. "మనం" అనడానికి "ఒఁ" వాడేస్తారు, దాని వెంట స వస్తుంది, ను రాదు. రేపు కలుద్దాం అనాలంటే "ఒఁ స వ్వా దమెఁ".