సమస్యాపూరణం: ఉత్తరమ్ము తెరువ నుసురు వోయె

దత్తపాదం (పద్యం చివర రావలసిన పాదం): ఉత్తరమ్ము తెరువ నుసురు వోయె
ఛందస్సు: ఆటవెలది

ఇంటి కంప్యూటర్లో మెయిల్ ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మూతపడిపోవడం ఈసారి అంశం. పోయిన ప్రాణం మనిషిది కాదు, ప్రోగ్రామ్‌ది అని చెప్పేస్తే సగం పూరణ అయిపోతుంది. మిగతా సగమే నాకు కావాలి. ఎందుకు పోయింది? ఆ కారణం పద్యంలోనే కనబడాలి.

చిరుగాలి పూరణ

కొసరు హంగులెన్నొ కూర్చి పెట్టితి మున్ను,
తీసి చూచినపుడు తేరుకొనియె;
ఒక్కటొకటి గాగ నోపికఁ జేర్పంగ
నుత్తరమ్ము తెరువ నుసురు వోయె.

నిర్వాహకుడు: మూడో పాదం నాకెంతో నచ్చింది. అన్నీ తీసేసి, ఒక్కొక్కటే తిరిగి చేర్చి చూడటం దోషాన్ని పట్టే అసలు పద్ధతి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌ని షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని తెరిస్తే, మనం అదనంగా చేర్చుకున్న యాడ్‌ఆన్‌లు ఆగిపోయి ట్రబుల్‌షూట్ మోడ్‌లో మొదలవుతుంది. అందులో క్రాష్ కాకపోతే అనుమానం ముందుగా ఆ కొసరు హంగుల మీదికే పోవాలి. అయితే చిరుగాలి గారూ, తేరుకున్నదెవరో పద్యంలో లేదు. మొదటి పాదాన్ని “మెయిలుపెట్టెకెన్నొ మెరుపు హంగులు గూర్చి” అని మారిస్తే విషయం తెలుస్తుంది, యతీ చెడదు.

పద్యప్రియ పూరణ

కావలుంచినట్టి యాంటివైరసు వచ్చి
తెరువకుండ మునుపె తీసి చూచె;
ఒక్క జాబు కొరకు నుభయులు పెనగంగ
నుత్తరమ్ము తెరువ నుసురు వోయె.

నిర్వాహకుడు: భావం కొత్తగా ఉంది. మెయిల్ ఫైలును ప్రోగ్రామ్ తెరుస్తున్న క్షణంలోనే ఆంటీవైరస్ కూడా పట్టుకుంటే చిక్కే. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, ‘కా’కి ‘యాం’తో మైత్రి లేదు. “అడ్డు నిలుచునట్టి” అని మొదలుపెట్టండి, సరిపోతుంది.

పద్యప్రియ: మార్చుకుంటానండీ. ఉత్తరాలు, సెట్టింగులు అన్నీ ఉండే మెయిల్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని స్కాన్ నుంచి మినహాయించి కొంతకాలం చూస్తే నిజంగా కారణం అదేనా కాదా తేలుతుంది. ఆంటీవైరస్‌ని పూర్తిగా తీసేయమని నేను ఎవరికీ చెప్పను.

తేటనీరు పూరణ

ఏండ్ల జాబులెల్ల నేకమై కూడఁగ
సూచి చెదరె, కుదురు చోటు లేక;
దాని నమ్మి పోయి తప్పు వాకిలి తట్టి
యుత్తరమ్ము తెరువ నుసురు వోయె.

నిర్వాహకుడు: ఇప్పటిదాకా వచ్చినవాటిలో నా మనసు దీని మీదే నిలిచింది. ‘తప్పు వాకిలి తట్టి’ అన్న మూడు మాటల్లో లోపల జరిగేదంతా ఉంది. థండర్‌బర్డ్‌లో మామూలుగా ఒక ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నీ ఒకే పెద్ద ఫైలులో వరుసగా ఉంటాయి. ఏ ఉత్తరం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సూచిక వేరే ఫైలు, దాని పేరు చివర ఎంఎస్ఎఫ్ అని ఉంటుంది. ఆ సూచిక చెడితే ఒక ఉత్తరం మీద నొక్కినప్పుడు ఇంకొకటి తెరుచుకోవచ్చు, ఖాళీగా కనబడొచ్చు, ఒక్కోసారి ప్రోగ్రామే పడిపోవచ్చు. ఉత్తరాలు పోయాయని హడలిపోనక్కర్లేదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ‘రిపేర్ ఫోల్డర్’ నొక్కితే సూచికను మళ్లీ కట్టుకుంటుంది. ముందు మాత్రం ప్రొఫైల్ మొత్తాన్ని వేరే చోటికి కాపీ చేసి పెట్టుకోండి. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

చిరుగాలి: ‘కుదురు చోటు లేక’ దగ్గర నాకొక సందేహం. డిస్క్ నిండిపోయిందని అర్థమా?

తేటనీరు: అలా కూడా తీసుకోవచ్చండీ. డిస్క్‌లో జాగా లేక రాత మధ్యలో ఆగిపోతే ఫైలు పాడవుతుంది. తీసేసిన ఉత్తరాల జాగాను తిరిగి రాబట్టే ‘కాంపాక్ట్’ చేయడానికీ కొంత ఖాళీ జాగా కావాలి.

నవపథిక పూరణ

నేడు జాబు విప్ప, నిన్న పొత్తము చూడ,
మొన్న యూరకున్న మూర్ఛ వచ్చె;
మెమరి చిప్పు లోన మెలిక యున్నది కాన
నుత్తరమ్ము తెరువ నుసురు వోయె.

నిర్వాహకుడు: గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. చిక్కు తర్కంలో ఉంది. రోజుకో చోట మూర్ఛ వస్తోందని మొదటి రెండు పాదాల్లో మీరే చెప్పారు, అదే మెమరీ దోషానికి గట్టి గుర్తు. అలాంటప్పుడు ఉత్తరం తెరిస్తేనే పోయిందన్న దత్తపాదం పొసగదు. మూడో పాదాన్ని ఇలా తిప్పి, దత్తపాదాన్ని నిందగా మార్చి చూడండి:

మెమరి చిప్పు తప్పు, మెయిలుపై నిందయా
“ఉత్తరమ్ము తెరువ నుసురు వోయె”?

ఈ తేడాని కంప్యూటరే చూపిస్తుంది. కంప్యూటర్లో జరిగినవాటిని నమోదు చేసే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో చాలా క్రాష్‌లకి ఒక ఎర్రర్ నమోదై ఉంటుంది, అందులో ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ (ఏ భాగంలో దెబ్బతిందో చెప్పేది) అన్న వరుస చదవండి. ప్రతిసారీ ఒకే పేరు వస్తుంటే యాడ్‌ఆన్ మీదో, గ్రాఫిక్స్ డ్రైవర్ మీదో అనుమానం పడాలి. రోజుకో పేరు వస్తూ, వేరే ప్రోగ్రాములు కూడా పడిపోతుంటే మెమరీని పరీక్షించాలి. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, ఇంకా గట్టిగా చూడాలంటే రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడపొచ్చు.

నవపథిక: మీ మార్పు తలకెక్కింది, అలాగే ఉంచుతున్నాను. ఒక్క మాట కలుపుతాను. రెండు చిప్పులు ఉన్నచోట ఒకటి తీసి, ఒకటి ఉంచి నడిపితే దోషం దేనిదో బయటపడుతుంది. కొన్నిసార్లు తీసి మళ్లీ గట్టిగా బిగిస్తేనే సర్దుకుంటుంది.

నిర్వాహకుడు: గ్రాఫిక్స్ డ్రైవర్ మీద ఇంకా ఎవరూ రాయలేదు. తెర మీద బొమ్మ గీసే పనిని గ్రాఫిక్స్ చిప్పుకి అప్పగించే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేస్తే తేరుకునే క్రాష్‌లు కూడా ఉంటాయి కాబట్టి, ఆ కారణంతో ఒక పూరణ రావాలని కోరుతున్నాను.